గంటా పదహారు నిమిషాలు

ఆ ఇంటి కోడలికి కంగారమ్మ అని పేరు పెట్టింది మొగుడే. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఎక్కడికో బయల్దేరి సగం దూరం పోయాక, స్టవ్ ఆపానో లేదో అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. పాపం వెనక్కి తీసుకొచ్చి చూపించాడు. స్టవ్ ఆపే ఉంది. సిలిండరు దగ్గర కూడా కట్టేసే ఉంది. "నువ్వు కంగారమ్మవే తల్లీ" అని దణ్ణం పెట్టాడు. ఆ పేరు అంటుకుపోయింది. అత్త అదే అంది, ఎదురింటి కుట్టుమిషనావిడ అదే అంది. చివరికి తనకు తానే మనసులో "ఆగవే కంగారమ్మా" అనుకోవడం అలవాటైపోయింది.

బిడ్డ పుట్టాక ఆ పేరుకు తగ్గ పని దొరికింది.

ఆడపిల్ల. ఐదో నెల నడుస్తోంది. అందరూ బుడ్డిది అంటారు. పుట్టడమే ఎడమ పాదం లోపలికి తిరిగి పుట్టింది. వారం వారం పిండికట్టు మారుస్తూ కొంచెం కొంచెం తిప్పుకుంటూ వస్తే దారిలో పడుతుందన్నారు ఊళ్లో ఆసుపత్రిలో. అలాగే చంకనేసుకుని తిరిగింది. ఆ కట్టు బరువు మామూలుగా ఉండదు. నడిచినంతసేపూ తుంటి ఎముక మీద టకటకా కొట్టుకుని అక్కడ కమిలిపోయింది కంగారమ్మకి. పాదం అయితే తిరిగింది గానీ మడమ కిందికి దిగలేదు. వెనకాల నరం బిగుసుకుని ఉంది, చిన్న గాటు పెట్టి వదులు చెయ్యాలి, అది నా చేతిలో పని కాదమ్మా అని కట్లు కట్టే ఆయన చేతులెత్తేశాడు.

ఆ గాటు పెట్టే పాదాల డాక్టరు దూరాన పట్నంలో పెద్దాసుపత్రికి నెలకొక్కసారి వస్తాడు, మొదటి గురువారం. తొమ్మిదికి కూర్చుని పన్నెండుకి లేచిపోతాడు. పదింటిలోపు పేరు రాయించుకున్నవాళ్లనే చూస్తాడు.

పోయిన నెల బస్సులో వెళ్లారు అత్తాకోడళ్లు. మధ్యాహ్నం పన్నెండున్నర బస్సుకి పోదామని కంగారమ్మ మొత్తుకుంది. "పద్నాలుగు గంటల దారికి మధ్యాహ్నమే ఎక్కి, చీకట్లో దిగి ఏం చేస్తావే? ఆసుపత్రి తాళాలు నువ్వు తీస్తావా?" అంది అత్త. సరేనని సాయంత్రం ఆరింటి బస్సు ఎక్కారు. పద్నాలుగు గంటలన్నది టికెట్టు ఇచ్చినాయన మాట. బస్సు కొండలన్నీ చుట్టింది, ఎక్కడో కింద ఉన్న వంతెన దాకా పోయి నది దాటింది, దారిలో రెండు సార్లు ఆగిపోయింది. తొమ్మిది వందల నలభై కిలోమీటర్లకి పద్దెనిమిది గంటలు తీసుకుంది. డాక్టరు పది నిమిషాల ముందే కారెక్కాడట.

అంతటితో అయిపోయినా బాగుండేది. దారిలో కట్టులో కాలు వాచి బుడ్డిదాని వేళ్లు నీలంగా తిరిగిపోయాయి. అదేపనిగా ఏడ్చీ ఏడ్చీ చివరికి గొంతు పోయి గాలి మాత్రమే వచ్చింది. అక్కడి నర్సు కట్టు కోసి మళ్లీ కట్టింది. కడుతూ చెప్పింది: "వచ్చే నెల మాత్రం తప్పకండమ్మా. ఇంకా నాన్చితే పాదం గట్టిపడిపోతుంది. అప్పుడు చిన్న గాటుతో పోదు. ఎముకల మీద పెద్ద ఆపరేషన్ చెయ్యాలి."

ఆ రోజు నుంచీ కంగారమ్మకి కళ్లు మూస్తే క్యాలెండరు. అరగంటకోసారి కట్టులోంచి బయటికి వచ్చిన ఆ అయిదు వేళ్లూ నొక్కి చూసేది. నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఎర్రబడాలి. ఎర్రబడేదాకా ఊపిరి తీసుకునేది కాదు. మళ్లీ ఆ బస్సు ఎక్కమంటే ఏ బావిలోనో దూకమన్నట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే తన పనిలో ఒక దారి కనిపించింది.

చదువు తొమ్మిదో తరగతిలో మాన్పించారు గానీ కంగారమ్మకి లెక్కలు బాగా వచ్చు. కడుపుతో ఉన్నప్పుడే ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి దొరికింది. పాత లాప్‌టాప్ ఒకటి, అడుగున అట్లపెనంలా కాలుతుంటుంది. సైటు సారు అని ఒకాయన, ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు, రోజూ వంద జతల ఊళ్ల పేర్లు పంపుతాడు. ఈ ఊరి విమానాశ్రయం నుంచి ఆ ఊరి విమానాశ్రయానికి. మ్యాపులో ఈ చుక్క మీదా ఆ చుక్క మీదా నొక్కితే మధ్యన గీత పడి దూరం వస్తుంది. దాన్ని గంటకి ఎనిమిది వందల చొప్పున భాగించాలి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఒక అరగంట కలపాలి, వచ్చింది గడిలో రాయాలి. తెల్లారేసరికి అది పేజీ అయిపోతుంది. పక్కన చిన్న విమానం బొమ్మ కూడా వేస్తారు.

బిడ్డని ఒళ్లో పడుకోబెట్టుకుని ఒంటి చేత్తో టైపు చేస్తూ చేస్తూ, ఎన్నోసార్లు ఆ అంకెల మీదే కునికింది. అయినా మానలేదు. ఎందుకంటే ఆ పని వచ్చాక జనం తనని ఒక మాట అడగడం మొదలుపెట్టారు.

అదంతా అత్త పుణ్యం. "మా కోడలు విమానాల లెక్కలు రాస్తుంది" అని వీధి వీధంతా చెప్పింది. కూరల బండి దగ్గర చెప్పింది, నీళ్ల కుళాయి దగ్గర చెప్పింది. ఏ విమానం ఎంతసేపు ఎగరాలో మా పిల్ల రాసి పంపితేనే అవి కదులుతాయన్నంత దాకా వెళ్లింది. ఎవరింటికి చుట్టాలొస్తున్నా కుట్టుమిషనావిడ ప్రహరీ గోడ మీంచి తల పెట్టి, "ఏం కంగారమ్మా, ఫలానా ఊరికి ఎంతసేపు పడుతుంది?" అనేది. కంగారమ్మ ఠక్కున చెప్పేది. తమ్ముళ్లని ఎత్తుకోవడానికని బడి మాన్పించిన పిల్లని, అంతకు ముందెవరూ ఏదీ అడిగి ఉండలేదు. చెప్పినప్పుడల్లా వీపు కొంచెం నిటారుగా అయ్యేది.

పట్నం నుంచి తిరిగొచ్చిన వారంలోనే ఒకరోజు ఆ వంద జతల్లో తమ ఊరూ, ఆ పట్నమూ వచ్చాయి. గీత గీసింది. ఆరువందల పన్నెండు కిలోమీటర్లు. గంటా పదహారు నిమిషాలు. రాసేసి, ఆ గడి వైపే చూస్తూ కూర్చుండిపోయింది.

"అత్తయ్యా, విమానంలో అయితే గంటా పదహారు నిమిషాలే."

"ఎవరు చెప్పారే?"

"ఎవరు చెప్పడమేంటి? నేనే రాశాను."

అంతే, ఇంకేముంది. మర్నాటికి వీధి మొత్తానికి తెలిసిపోయింది, బుడ్డిది విమానమెక్కబోతోందని.

మొగుడు క్రేను నడుపుతాడు. ఊరూరా తిరిగే పని, నెలకోసారి ఇంటికొస్తాడు, సెలవు అడిగితే మేస్త్రీ మొహం మాడ్చుకుంటాడు. ఫోన్లో విని, "అంత తక్కువ సేపా! అయితే అలాగే పోండి. టికెట్టు అక్కడే కిటికీలో ఇస్తారట, మా మేస్త్రీ ఒకసారి అలాగే కొనుక్కున్నాడు" అన్నాడు. ఫోన్లో కొనే సైట్లు పేరూ, పుట్టిన రోజూ, కార్డు నంబరూ అడుగుతాయి. వాటిలో వేలు పెట్టాలంటే కంగారమ్మకి చచ్చేంత భయం. కిటికీ ఉందనగానే ప్రాణం కుదుటపడింది. విమానం అసలుందా లేదా అన్న అనుమానం మాత్రం రాలేదు. అన్నిటికీ అనుమానించే మనిషికి ఆ ఒక్కదానికి రాలేదు. ఉండబట్టే కదా సైటు సారు ఆ జత పంపించాడు! పైగా ఆ అంకె తన చేత్తో రాసింది.

ఒక్క విషయంలో మాత్రం పట్టు పట్టింది. గురువారం డాక్టరు, బుధవారం పొద్దున్నే బయల్దేరాలి.

"గంటంపావు ప్రయాణానికి ముందురోజా?" అత్త బుగ్గలు నొక్కుకుంది. "రేపు తెల్లారి లేచి, మొహం కడుక్కుని, ఎక్కి దిగితే ఎనిమిదింటికి ఆసుపత్రిలో ఉంటాం. ఈ రోజు పోయి రాత్రంతా ఎక్కడుంటావే, రన్‌వే మీద పక్కేస్తావా?"

"ఆసుపత్రి వరండాలో ఉందాం అత్తయ్యా."

"నీ కంగారు తగలెయ్య."

"తగలెయ్యండి. కానీ ఈరోజే వెళ్దాం."

విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్ల అవతల ఉంది. ఆటో మాట్లాడుకుని ఎనిమిదింటికి చేరారు. చుట్టూ ఖాళీ మైదానం, మధ్యలో అద్దాల షెడ్డు లాంటిదొకటి. పెళ్లి ఆగిపోయిన ఇంటి పందిరిలా బోసిగా ఉంది. దింపగానే ఆటోవాడు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు. అత్త మంచి చీర కట్టుకుంది. ఆ చీర కొంగుతోనే మొహం తుడుచుకుని, గేటు దగ్గర కాపలా ఆయన ముందు నిలబడింది.

"టికెట్టు చూపించండి."

"లోపల కొనుక్కుంటాం నాయనా."

"లోపలికి పోవాలంటే టికెట్టుండాలమ్మా. కొనాలంటే అటు పక్క కిటికీ ఉంది."

కిటికీలో ఒక పెద్దాయన ఉన్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. అత్త పట్నం పేరు చెప్పి, రెండు టికెట్లు, చంటిదానికి కూడా కావాలంటే మూడు అంది.

"ఎక్కడికీ?"

అత్త మళ్లీ చెప్పింది, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "దానికి ఇక్కణ్ణుంచి విమానం లేదమ్మా."

"ఇవాళ లేదా?"

"ఇవాళా లేదు, రేపూ లేదు. పదకొండేళ్లుగా ఈ కిటికీలో కూర్చున్నాను, ఒక్కటంటే ఒక్కటి లేదు. రోజుకి రెండు విమానాలు. రెండూ రాజధానికే పోతాయి. అక్కడ దిగి మారాలి. మీరిప్పుడు ఎక్కినా పట్నం చేరేది రేపు సాయంత్రానికే."

కంగారమ్మ చంకలో బుడ్డిది కట్టుతో ఒక్క తన్ను తన్నింది, సరిగ్గా ఆ కమిలిన చోట. రేపు సాయంత్రం. డాక్టరు పన్నెండుకి లేచిపోతాడు. పాదం గట్టిపడిపోతుంది.

"గంటా పదహారు నిమిషాలని ఉంది కదండీ" అంది.

పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. ఆ దెబ్బకి కళ్లజోడు ముక్కు మీదికి జారింది. "మీరూ ఆ పేజీ చూసే వచ్చారా తల్లీ!" అంటూ ఫోను తీసి, నాలుగు నొక్కులు నొక్కి అద్దానికి ఆనించాడు. "ఇదేనా?"

అదే. ఊరి పేరు, గీత, పట్నం పేరు. ఆరువందల పన్నెండు. గంటా పదహారు నిమిషాలు. పక్కన చిన్న విమానం బొమ్మ.

"నెల రోజుల్లో ముగ్గురో నలుగురో వచ్చారమ్మా ఇది చూసి. పోయిన వారం ఒక ముసలాయన, చెల్లెలు చావుబతుకుల్లో ఉందని పరిగెత్తుకొచ్చాడు. ఇదిగో, మీరు నిలబడ్డ చోటే కూలబడిపోయాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని విమానానికి నిమిషాలతో సహా లెక్క కట్టి పెట్టాడు దొంగ సచ్చినోడు! ఆ రాసినవాడెవడో ఒక్కసారి నా చేతికి దొరకాలి. ఈ కిటికీలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్లందరికీ వాడి చేతే సమాధానం చెప్పిస్తాను."

కాపలా ఆయన కూడా అటు నుంచి తలూపాడు.

కంగారమ్మ అత్త వైపు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. అత్త నోరు తెరిచింది. ఆ నోట్లో మాట నానదని వీధికంతా తెలుసు. కూరగాయల వాడికి చెప్పింది, నీళ్ల దగ్గర చెప్పింది, ఇంతకు ముందు ఆటోవాడికి కూడా చెప్పింది: మా కోడలే రాస్తుంది విమానాల లెక్కలు. ఇప్పుడు ఆ మాటే వస్తుంది. రానీ. వచ్చినా తప్పేం లేదు. కంగారమ్మ తల దించుకుని, బుడ్డిదాని బొటనవేలు నొక్కి పట్టుకుంది.

అత్త తెరిచిన నోరు ఓ క్షణం అలాగే ఉంచింది.

"ఎవడో పనీపాటా లేనోడు అయ్యుంటాడులే నాయనా" అంది. "వాడి సంగతి తర్వాత. ముందు మాకు పన్నెండున్నర బస్సు దొరికే దారి చెప్పు. ఈ పిల్లకి రేపు పదింటిలోపు పాదం చూపించాలి. చూపించకపోతే జన్మంతా కుంటుతుంది."

పెద్దాయన అప్పుడు చూశాడు ఆ కట్టుని. కిటికీ మీదికి వంగి చూశాడు. ఇంక తిట్టలేదు. ఊరికి పోయే బండ్లు మధ్యాహ్నం విమానం దిగాక గానీ రావన్నాడు. లోపలికి ఎవరికో ఫోను చేసి గొడవ పడ్డాడు. రాత్రి శుభ్రం చేసే డ్యూటీ దిగినవాళ్లని ఊళ్లోకి తీసుకెళ్లే వ్యాను ఒకటి పదిన్నరకి ఉందట. అందులో ఎక్కనిస్తారు, దానికి ముందు మాత్రం ఏదీ లేదు.

ఆ రెండున్నర గంటలూ ఇద్దరూ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. తొమ్మిదిన్నరకి రాజధాని విమానం లేచింది. చిన్నదే. చూస్తుండగానే మబ్బులోకి పోయింది. ఎనిమిది నెలలుగా రోజుకి వంద చొప్పున విమానాలు ఎగరేసింది కంగారమ్మ, నేల మీంచి ఒకటి లేవడం ఇంత దగ్గరగా చూడ్డం ఇదే మొదలు. బుడ్డిది మాత్రం ఆ చప్పుడికి కిలకిలా నవ్వింది.

వ్యానులో చీపుళ్లూ, తడి గుడ్డల బకెట్లూ, తొమ్మిదిమంది ఆడవాళ్లూ. రాత్రంతా నేల తుడిచిన వాళ్లు, ఎక్కీ ఎక్కగానే నిద్రపోయారు. పక్కనావిడ తల వచ్చి కంగారమ్మ భుజం మీద వాలింది. కదిలితే లేస్తుందేమోనని కదల్లేదు. ఒక భుజం మీద ఆ తల, రెండో పక్క కట్టు బరువు, మధ్యలో తల నిండా లెక్క. నలభై కిలోమీటర్లకి గంట. పదకొండున్నర. రోడ్డు బాగులేదు, పావుగంట కలుపు. ఊళ్లో ఇరుకు, ఇంకో పావుగంట. పన్నెండు. ఇప్పుడు ఏది కలపాలో అన్నీ గుర్తొస్తున్నాయి. గీత గీసినప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

పన్నెండూ ఇరవైకి బస్‌స్టాండులో పరిగెత్తారు. బస్సు హారను కొడుతోంది. వెనక సీట్లు తప్ప లేవన్నాడు కండక్టరు.

"వెనక అయితే ఎగిరెగిరి పడుతుంది, పిల్ల కాలు ఏం కావాలి?" అత్త మెట్టు మీదే నిలబడిపోయింది. "ముందు సీట్లో ఆ గళ్ల చొక్కా అబ్బాయి కూర్చున్నాడు, గడ్డిమోపులా ఉన్నాడు. వెనక ఎగిరితే ఏం, గాల్లోకి పోడు కదా. ఏం నాయనా, లేస్తావా? లేచావంటే నీ కడుపు చల్లగుండా."

గళ్ల చొక్కా అబ్బాయి నవ్వుకుంటూ లేచాడు. పక్కనున్నతను ఎవరూ అడక్కుండానే లేచాడు, ఎందుకొచ్చిన గొడవని.

కంగారమ్మ కూర్చోగానే దుప్పటి మడిచి, కట్టు కింద ఎత్తుగా పెట్టింది. కాలు కిందికి వేలాడబట్టే పోయినసారి వాచిందని నర్సు చెప్పింది. వేళ్లు నొక్కింది. తెలుపు. ఎరుపు. అప్పుడు గానీ కన్నీళ్లు రాలేదు.

"ఎందుకేడుస్తావే ఇప్పుడు? బస్సు దొరికింది కదా."

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా, ఆ పేజీ నేనే రాశానని?"

అత్త కిటికీలోంచి బయటికి చూసింది. మంచి చీర మీద ఆ బకెట్ల నీళ్లు పడి మచ్చలైపోయాయి. వాటిని గోటితో గీకుతూ అంది: "ఏం చెప్పమంటావు? నువ్వు రాసినవి ఉత్త అంకెలు. వాటికి రెక్కలు కట్టి ఊరంతా తిప్పింది నేను. ఆయన దొంగసచ్చినోడు అన్నప్పుడు సగం నాకే తగిలింది."

మళ్లీ తనే అంది. "ఉందో లేదో ఒకసారి అడగాల్సింది కదే మనం, నోరు పెట్టుకుని."

"నేనే అడగాల్సింది. స్టవ్ ఆపానా అని పది సార్లు చూసేదాన్ని."

"పోనీలే. నీ కంగారు మంచిదైంది. నా మాట విని రేపు తెల్లవారుజామున బయల్దేరి ఉంటే? గేటు దగ్గరే పన్నెండయ్యేది."

అత్త నోటి వెంట ఆ మాట రావడం అదే మొదలు. కంగారమ్మకి సంతోషించే ఓపిక కూడా లేకపోయింది. ఆ ముసలాయనే కళ్ల ముందు కదిలాడు, చెల్లెలి కోసం పరిగెత్తుకొచ్చి కూలబడినాయన. రోజుకి వంద, ఎనిమిది నెలలు. ఇరవై వేల పైచిలుకు గీతలు. అందులో ఎన్నిటికి నిజంగా విమానం ఉందో, ఏ గేటు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో! ఫోనులో ఆ ఊళ్ల జతల పట్టీ తెరిచింది. తమ ఊరి జత వెతుక్కుని, నిమిషాల గడిలో ఉన్నది చెరిపేసింది. బస్సు కుదుపులకి వేలు జారుతుంటే మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ రాసింది: 'నేరుగా విమానం లేదు. బస్సు ఉంది. పద్నాలుగు గంటలంటారు, పద్దెనిమిది అనుకోండి. చంటిపిల్లలుంటే ముందు సీటు అడగండి.'

కొండ దారి మొదలయ్యాక అత్త ఆ కట్టుని తన రెండు అరచేతుల్లోకి తీసుకుంది, కుదుపు తగలకుండా. నువ్వు పడుకోవే అంది. కంగారమ్మ పడుకోలేదు. కళ్లు మూస్తే బస్సు ఆగిపోతుందేమోనని భయం. బస్సు రెండు చోట్ల ఆగనే ఆగింది, ఒకచోట టైరు, ఇంకోచోట ఎందుకో ఎవరూ చెప్పలేదు. తెల్లవారాక వంతెన దాటింది. ఏడు, ఎనిమిది. అత్త చేతులు రాత్రి పెట్టినచోటే ఉన్నాయి. బుడ్డిది వాటి మీద కాలు చాచుకుని మహారాణిలా నిద్రపోతోంది.

తొమ్మిదింబావుకి దిగారు. ఆసుపత్రి బల్ల దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ నలభై. పేర్లు రాసే ఆవిడ గడియారం వైపు చూసి, కాగితం వైపు చూసి, చివరి పేరు కింద ఇంకో గీత గీసి బుడ్డిదాని పేరు రాసింది. ఇరవై ఏడో నంబరు. ఆ గీతని మాత్రం కంగారమ్మ కళ్లకద్దుకోవాలనుకుంది.

పదకొండున్నరకి పిలిచారు. డాక్టరు సన్నటి మనిషి, ఆయన కూడా అలసిపోయే ఉన్నాడు. కట్టు విప్పించి, బొటనవేలితో మడమ వెనకాల తడిమాడు.

"పోయిన నెల రావాల్సింది కదమ్మా."

"వచ్చామండీ. మీరు కారెక్కిన పది నిమిషాలకి."

ఆయన తలెత్తి చూశాడు. మళ్లీ తడిమాడు. కంగారమ్మకి ఆ వేలు తన గుండె మీద నడుస్తున్నట్టే ఉంది.

"ఇంకా మెత్తగానే ఉంది" అన్నాడు. "ఇంకో నెల అయితే చెప్పలేకపోయేవాణ్ణి."

"గాటు పెడితే నొప్పి ఉంటుందా అండీ?"

"తిమ్మిరి ఇంజెక్షను ఇస్తాం, పాపకి పెద్దగా తెలీదు. పట్టుకున్న మీకే ఉంటుంది."

అలాగే అయింది. బుడ్డిది సూదికి ఒక్కసారి కేరుమంది, ఆ తర్వాత సీసా నోట్లో పెడితే మర్చిపోయింది. కంగారమ్మ మాత్రం పళ్లు బిగపట్టి మొహం పక్కకి తిప్పుకుంది. చూసేసరికి ఆ మడమ దిగింది. పాదం డాక్టరు అరచేతిలో బల్లపరుపుగా ఆని ఉంది, ఎవరి పాదమైనా ఆనినట్టు. మూడు వారాలు ఈ కొత్త కట్టు ఉంచాలన్నారు. తర్వాత బూట్లు తొడగాలి, నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు అవే. మూడు వారాలకి మళ్లీ రావాలా అని అడిగే ధైర్యం లేక అత్తని చూసింది. అత్తే అడిగింది. కట్టు విప్పడం మీ ఊళ్లోనే చేయించుకోవచ్చన్నారు. అత్త ఆ గదిలో దేవుడు ఎటున్నాడో తెలీక నలుమూలలా దణ్ణం పెట్టింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాక ఫోను మోగింది. సైటు సారు గొంతు: "ఏంటమ్మా, నిన్నటి వంద రాలేదు. పైగా ఆ గడిలో ఏదో కథ రాశావు. గడిలో అంకె ఉండాలి, కథ ఉండకూడదు. మార్చి పంపు. ఈ రోజు రెండు వందలు."

అత్త కూడా వింది. "ఏమంటావు?"

"ఆ అంకె మార్చను అత్తయ్యా. మిగతావి కూడా, ఉన్నాయో లేవో చూశాకే రాస్తాను. వద్దంటే మానేస్తాను."

"మానేస్తే కుట్టుమిషనావిడ అడుగుతుంది."

"అడిగితే తెలీదని చెబుతాను."

"అబ్బో" అంది అత్త. అంది గానీ అందులో ఎత్తిపొడుపు లేదు. బుడ్డిదాన్ని తన ఒళ్లోకి లాక్కుంది. "తిరుగు బస్సు సాయంత్రానికి. ఒక కునుకు తియ్యి."

"వేళ్లు చూడాలి. అరగంటకోసారి..."

"నాకు రాదా ఆమాత్రం? నొక్కితే తెలుపు, వదిలితే ఎరుపు. నెల రోజుల నుంచి చూస్తూనే ఉన్నాను నీ వేషాలు."

కంగారమ్మ గోడకి తల ఆనించింది. గోడ చల్లగా ఉంది. పక్కనెవరో మందులకి పేర్లు పిలుస్తున్నారు, ఎవరి పిల్లో ఏడుస్తోంది. కళ్లు మూతలు పడుతున్నా చెవి మాత్రం అటే ఉంది. అత్త వంగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, చాలాసేపు ఆగినట్టనిపించాక, అత్త గొంతు.

"ఎర్రగానే ఉన్నాయే. పడుకో."